వీధికి పసుపు రంగు

ఆ వీధిలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు వదిన దగ్గరికి వచ్చేవాళ్ళు. కష్టం తీరుస్తుందని కాదు, చక్కగా రాసిపెడుతుందని. కుళాయిలో నీళ్ళు రాకపోయినా, కరెంటు తీగ పెరట్లోకి వాలినా, ఒకరి మేక ఇంకొకరి మొలకలు మేసినా వదిన తెల్లకాగితం ముందేసుకుని "గౌరవనీయులైన" అని ఎత్తుకుని "చిత్తగించవలెను" అని దింపేది. ఆ రెండింటి నడుమ ఏ మాట ఎక్కడ పడితే ఆఫీసులో వాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారో ఆవిడకు తెలుసు.

"డిగ్రీ చదువు ఊరికే పోలేదు, కాగితాల కొట్టువాడు బాగుపడ్డాడు" అనేవాడు వాళ్ళాయన. ఆయన ఎరువుల గోదాములో గుమస్తా. రోజంతా బస్తాల మధ్య గడపడం వల్ల కాబోలు, మాటలు కూడా గోదాములో దాచినట్టు దాచుకుని, ఇంటికొచ్చాక ఒకటీ అరా బయటికి తీసేవాడు.

ఊరికి ఆవిడ దరఖాస్తు వదిన. వీధికి ఉత్త వదిన. ఎవరు ఏ వరసన పిలుస్తున్నారన్న లెక్క ఎవరూ వేయలేదు. ఒకసారి సొంత అత్తగారే పరాకున "వదినా, ఆ చెంబు ఇలా ఇయ్యి" అని నాలుక కరుచుకుంది.

ఆ వీధివాళ్ళు మహా మర్యాదస్తులు. పక్కింటి మురుగు తమ గుమ్మంలోకి పారుతుంటే, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆ మురుగు దాటి పక్కింటికి వెళ్ళి, "పిల్లలు బాగున్నారా" అని అడిగి, ఇచ్చిన టీ తాగి, మళ్ళీ మురుగు దాటి వచ్చి, అప్పుడు మురుగు గురించి దరఖాస్తు రాయించేవాళ్ళు. మొహం మీద మాట అనడం అక్కడ లేదు. ఇంకో మర్యాద కూడా ఉంది. వదిన సంతకాలకు కాగితం పట్టుకొస్తే ఎవరూ చదవకూడదు. చదివితే ఆవిణ్ణి అనుమానించినట్టు. ఆవిడ కూడా ఏ గుమ్మమూ దాటిపోకూడదు. దాటిపోతే ఆ ఇంటిని మనుషుల్లో లెక్కవేయనట్టు.

వీధి చివర, వదిన ఇంటికి సరిగ్గా ఎదురుగా, రేకుల మేస్త్రి ఇల్లు. ఇంటిని ఆనుకుని షెడ్డు. ధాన్యం పోసుకునే డబ్బాలు, నీళ్ళ తొట్లు, చూరు కింద వాన గొట్టాలు, తాళం పెట్టెలు అక్కడే తయారయ్యేవి. మేస్త్రి రేకు వంచి కొట్టేవాడు. ఆయన భార్య ఆ పెట్టెల మీద రంగులతో పువ్వులు వేసేది. ఒక్కో పెట్టె మీద ఒక్కో రకం పువ్వు. ఆ వీధిలో ఆమె పువ్వు లేని ఇల్లు లేదు. ఆమె వదినను "వదినా" అనేది, మేస్త్రి "అక్కా" అనేవాడు. వీధి మొత్తం మీద ఆ పిలుపుకు సరైన వరస కుదిరింది ఆ ఒక్క ఇంట్లోనే.

మేస్త్రి సుత్తి పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. పొద్దున మోత ఎవరికీ పట్టదు, అప్పుడు ఎవరి మోత వాళ్ళకుంటుంది. సాయంత్రం మోత పిల్లల అల్లరిలో కలిసిపోతుంది. చిక్కంతా మధ్యాహ్నంతోనే. అంట్లు తోమి, వంటిల్లు కడిగి, అత్తగారికి మందులిచ్చి, వదిన చాప వేసుకుని అలా వాలగానే ఎదురింట్లో డబ్బా అడుగు బిగించే కార్యక్రమం మొదలయ్యేది. రోజు మొత్తంలో వదినకంటూ ఉన్నది ఆ కునుకు ఒక్కటే. అదీ రేకులో కలిసిపోయేది.

కునుకు కోసం దరఖాస్తు పెట్టానని ఎవరైనా చెప్పుకుంటారా? అందుకని పెద్ద కారణాలు ముందుకొచ్చాయి. అత్తగారి తలనొప్పి వచ్చింది. లెక్కల మాస్టారి రక్తపోటు వచ్చింది. ఈయన రిటైరై చాలాకాలమైనా వీధి మొత్తానికీ ఇంకా హోంవర్కు ఇస్తున్నట్టే మాట్లాడే పెద్దమనిషి. కిటికీ సందులోంచి వదినను పిలిచి ఈయనే చెప్పాడు.

"పంచాయతీలో ఊరి మ్యాపు చూసొచ్చానమ్మా. ఇళ్ళున్న చోటు పసుపు. పొలాలు ఆకుపచ్చ. మన వీధికి మాత్రం పసుపు మీద గీతలు గీశారు. అంటే ఇళ్ళూ ఉండచ్చు, పనులూ చేసుకోవచ్చునట. ఆ గీతలు తీసేయించామనుకో, ఉత్త పసుపు. మోత చేసే పనులేవీ ఇక్కడ కుదరవు."

"అంటే మేస్త్రి..."

"మేస్త్రి మాట మనమెందుకెత్తాలి?" అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "మనం ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు. రంగు మారుతుందంతే. షెడ్డు దానంతటదే కాలవ అవతలికి పోతుంది."

కాలవ అవతల అద్దెకు స్థలం తీసుకునే స్తోమత మేస్త్రికి లేదని మాస్టారికీ తెలుసు, వదినకూ తెలుసు. షెడ్డు తీసేస్తే సుత్తి పట్టుకుని ఏ పట్నంలోనో ఎవరి దగ్గరో కూలికి పోవాల్సిందే. ఆ సంగతి ఇద్దరూ ఎంచక్కా ఆ కిటికీ గట్టు మీద వదిలేసి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు.

వదిన ఆ సాయంత్రమే రాసింది. రాస్తున్నంతసేపూ సరదాగానే ఉంది, అబద్ధమెందుకు? "ప్రశాంత నివాసయోగ్యత" అన్న మాట దొరికినప్పుడైతే లేచి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి వచ్చింది. కాగితం మొత్తంలో సుత్తి లేదు, రేకు లేదు, మేస్త్రి లేడు. వీధి, వృద్ధులు, పసిపిల్లలు, పసుపు రంగు, అంతే.

సంతకాలకు బయల్దేరినప్పుడు ఆవిడ లెక్క ఒకటే. మేస్త్రి ఇంటి ముందు చేతిలోని కాగితాన్ని కొంగు చాటు చేసుకుని, ఎండగా ఉందన్నట్టు తల వంచుకుని గబగబా ఇంట్లోకి వెళ్ళిపోవాలి. అందరి ఇళ్ళూ అయ్యాయి. ఎవరూ చదవలేదు. ఒకావిడ అయితే పిండి చేతుల్తో వచ్చి, "నువ్వే గీసెయ్యి వదినా, నీది నాది వేరా" అంది. ఇక తన గేటు పది అడుగుల్లో ఉందనగా వెనక నుంచి పిలుపు.

"ఏం వదినా, మేం కనపడలేదా?"

మేస్త్రి భార్య షెడ్డు గుమ్మంలో కొత్త పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. కుంచె చేతిలోనే ఉంది. నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు అంచున కాస్త నొప్పి కనబడుతూనే ఉంది. వీధంతా తిరిగి వాళ్ళ గుమ్మం ఒక్కటీ దాటిపోతే మరి?

"అయ్యో, అదేం మాట! పనిలో ఉన్నావని..." అంటూ వదిన నీళ్ళు నమిలింది.

"పని ఎప్పుడుండదు? ఇలా ఇవ్వు." ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుని కాగితం అందుకుంది. "ఏం కాగితం ఇది? మా ముందు స్తంభం దీపం కోసమేనా? వెలక్క ఎన్నాళ్ళయిందో."

"ఆ" అంది వదిన.

అంతకుమించి ఒక్క ముక్క లేదు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆ "ఆ" తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకు అంతుబట్టలేదు. నోరు తెరిచి గాలి వదిలినంత తేలిగ్గా వచ్చేసింది.

మేస్త్రి భార్యకు చదువు వచ్చు. పెట్టెల మీద అడిగినవాళ్ళకు పేర్లు రాసేది కూడా ఆమే. కానీ కాగితం వదినది. చదివితే మర్యాద కాదు. అడుగున సంతకం పెట్టి, చివరి అక్షరం తోకను తీగలా చుట్టి, అలవాటు కొద్దీ దానికో చిన్న ఆకు కూడా వేసింది.

"ఇదిగో, సంతకంతో పాటు ఆకు కూడా. ఆఫీసువాళ్ళు మేకలు కాకపోతే బాగుండు" అని నవ్వింది.

లోపల్నుంచి మేస్త్రి, "అక్కకి టీ పెట్టవే" అని కేకేశాడు. వదిన కూర్చుని ఆ టీ తాగింది కూడా. తాగకపోతే బాగుండదని తాగింది.

ఇంటికొచ్చాక ఆ ఒక్క సంతకం కొట్టేసి, కాగితం మాస్టారికి ఇద్దామనుకుంది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని, తిరగరాద్దామనుకుంది. తిరగరాస్తే వీధంతా మళ్ళీ తిరగాలి. అలా ఆలోచిస్తూ పప్పు కడుగుతుండగానే మాస్టారు వచ్చి బల్లమీద ఉన్న కాగితం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఆకు దగ్గర ఆగిపోయాడు.

"ఇది మేస్త్రి భార్య సంతకం కదూ? వాళ్ళ చేత కూడా పెట్టించావా? అసాధ్యురాలివమ్మా నువ్వు!"

ఆ మెప్పు ఆవిడ చెవుల్లోకి వెళ్ళి, కాస్తసేపు అక్కడే హాయిగా కూర్చుంది. ఇప్పుడు చెప్పాలి అనుకునేలోపే ఆయన కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. రెండోనాడు పంచాయతీ నుంచి వచ్చి ఇంకా గొప్ప కబురు చెప్పాడు. అసలు పనివాళ్ళున్న వీధికి రంగు మార్చాలంటే వాళ్ళకు నోటీసివ్వాలి, విచారణ చేయాలి, ఏడాదో రెండేళ్ళో గడువివ్వాలి. కానీ ఆ పనివాళ్ళ ఇంటి సంతకమే కాగితంలో ఉంటే అవేవీ అక్కర్లేదట. సభలో చదివి ఒప్పేసుకోవడమేనట.

"ఆ ఒక్క సంతకంతో రెండేళ్ళ పని ఒక్కపూటలో తేల్చేశావు" అన్నాడు మాస్టారు.

వదినకు ఆ పూట అన్నం సహించలేదు. 

రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. ఆయన ఆసాంతం విని, నెమ్మదిగా చెయ్యి కడుక్కుని, "ఎదురింటికి వెళ్ళి చెప్పు" అన్నాడు.

"ఎలా చెప్పను?"

"నోటితో."

 మర్నాడు పొద్దున వెళ్ళింది కూడా. గేటు దాకా వెళ్ళింది. మేస్త్రి భార్య బట్టలు ఆరేస్తోంది. పనిలో ఉంది కదా అని వెనక్కి వచ్చింది. ఆ మర్నాడు ఆమె ఖాళీగానే కనబడింది. ఖాళీగా ఉన్న మనిషిని కదిపితే ఎంతసేపు కూర్చోబెడుతుందో అని మానుకుంది. ఆ తర్వాత ఆమె నీళ్ళకు వచ్చే వేళ తెలుసుకుని, ఆ వేళకు పెరట్లో పని కల్పించుకోవడం మొదలుపెట్టింది. సొంత వీధిలో ఆవిడ ఒక దొంగలా తిరుగుతోంది, అదీ కాగితాలు రాసే దొంగలా.

ఇవన్నీ చాలవన్నట్టు ఒక మధ్యాహ్నం మేస్త్రి భార్యే రోడ్డు దాటి వచ్చింది. చేతిలో చిన్న రేకు పెట్టె. మూతమీద నీలిరంగు పువ్వులు. వదినకు నీలం ఇష్టమని ఎప్పుడో అన్న మాట గుర్తుపెట్టుకుంది.

"నీ కాగితాలు పెట్టుకోడానికి వదినా. మేస్త్రి చేశాడు, నేను వేశాను. ఎప్పుడూ మా అందరి కోసం తిరుగుతావు, నీకెవరు ఏమిస్తారు?"

"ఎందుకమ్మాయ్ ఇదంతా..."

"ఊరుకో. దీపం సంగతి ఏమైంది?"

"చూస్తామన్నారు" అంది వదిన.

ఇప్పుడు "ఆ" ఒక్కటే కాదు, ఇంకో అబద్ధం దానికి తోడికోడలిలా వచ్చి చేరింది. ఆమె వెళ్ళాక పెట్టెను బీరువాలో చీరల వెనక్కి తోసేసింది. అత్తగారు చూసి, "అంత బాగుంటే బయట పెట్టుకోవేమే?" అంది. "దుమ్ము పడుతుందని" అంది వదిన.

సభరోజు వచ్చింది.

పంచాయతీ హాలు పొడుగాటి గది. గోడ పొడుగునా బీరువాలు, బీరువాల మీద పాత ఫైళ్ళ కట్టలు, కట్టల మీద దుమ్ము. నడుమ ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కాలు సొట్టపోయిన కుర్చీ ఎప్పుడూ చివరికి వచ్చిన వాళ్ళదే. గోడమీద ఊరి మ్యాపు. అందులో తమ వీధి వేలిగోరంత ఉంది. గీతలున్న ఆ గోరును చూసి, ఇంతదానికా ఇదంతా అనిపించింది వదినకు. బల్ల వెనక ప్రెసిడెంటు, ఆమె పక్కన కార్యదర్శి. ప్రెసిడెంటుకు కోళ్ళఫారం ఉంది. ఏ సభలోనైనా ఆమె చూపు గడియారం మీదే ఉంటుంది, మేత వేళ దాటిపోతుందని.

వీధివాళ్ళు చాలామందే వచ్చారు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుని, పక్క కుర్చీ వదిన కోసం పట్టి ఉంచాడు.

కార్యదర్శి దరఖాస్తు చదవడం మొదలుపెట్టాడు. "ప్రశాంత నివాసయోగ్యత" దగ్గర ఒకసారి ఆగి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఇంకోరోజైతే వదిన ఆ సర్దుకోవడం చూసి లోలోపల మురిసిపోయేది. ఇవాళ కొంగు కొస నలుపుతూ కూర్చుంది.

"ఆ వీధిలో పని చేసుకుంటున్న కుటుంబం కూడా సమ్మతించి సంతకం చేసింది కాబట్టి, విచారణ అవసరం లేకుండానే..."

"ఏ కుటుంబమండీ అది?"

గుమ్మంలో మేస్త్రి. మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ, చేతిలో ఇంకా సుత్తి. ఆ పొద్దునే పంచాయతీ నోటీసు బోర్డుకు వానరేకు బిగించడానికి వచ్చి, రేకు కొడుతూ కొడుతూ దాని కిందున్న నోటీసులో ఇవాళ్టి సభలో తమ వీధి సంగతి ఉందని చదివాడట. మేకులు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తి భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె వేళ్ళకు ఎర్రరంగు ఇంకా ఆరలేదు.

"మీదేనయ్యా" అన్నాడు కార్యదర్శి కాగితం అతనివైపు తిప్పి. "ఇదిగో, మీ ఆవిడ సంతకం."

మేస్త్రి దగ్గరికొచ్చి చూశాడు. చదవాల్సిన పని లేకపోయింది. తీగ, తీగకు ఆకు. రోజూ పెట్టెల మీద చూసేదే. సుత్తిని నెమ్మదిగా నేలమీద పెట్టి భార్యవైపు తిరిగాడు.

"నువ్వు పెట్టావా?"

ఆమె మొగుణ్ణి చూడలేదు. కుర్చీల వరసలన్నీ దాటి వదినను చూసింది. ఎంతోసేపు కాదు. దీపం వెలగనప్పుడు స్విచ్చి వైపు చూసినంతసేపు. ఆ కాస్తలోనే ఆమెకు సంగతంతా అర్థమైపోయిందని వదినకు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది.

"పెట్టాను" అంది మేస్త్రి భార్య. "చదివే పెట్టాను."

"చదివా?"

"ఏం, నాకు మాత్రం చెవుల్లేవా? పొద్దస్తమానం ఆ మోత నాకూ విసుగే."

హాల్లో నలుగురు నవ్వారు. ఎవరో, "ఇంటి ఆడవాళ్ళకే పడనప్పుడు ఇంక వీధేం చేస్తుందయ్యా" అన్నారు. మాస్టారు వదినవైపు ఒరిగి, "అయిపోయిందమ్మా, గట్టెక్కేశాం" అని గుసగుసలాడాడు.

నిజంగానే గట్టెక్కేశారు. వదిన ఇక ఏమీ చెప్పనక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఇంకో నిమిషంలో ప్రెసిడెంటు సంతకం పెట్టేస్తుంది, కోళ్ళకు మేత అందుతుంది, వీధికి పసుపొస్తుంది, ఆ "ఆ" ఎప్పటికీ ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ దాన్ని తనే మింగేసింది. వదినకు ఒక క్షణం ఒళ్ళంతా తేలికపడింది. ఆ తేలికపడడమే తర్వాత చాలాకాలం ఆవిణ్ణి తినేసింది.

మేస్త్రి మొహం మాత్రం ఎవరో రేకు వంచినట్టు వంగిపోయింది. కోపం రాలేదతనికి. "అలాగా" అన్నాడు. మళ్ళీ వంగి సుత్తి తీసుకుని, "అలాగైతే నాకేం అభ్యంతరం లేదండీ. ఇన్నేళ్ళు నా పక్కనే కూర్చుని రంగులేస్తుంటే, మోత దానికి అలవాటైందనుకున్నాను. నాతో అనలేకపోయింది కాబోలు" అన్నాడు.

వదిన లేచి నిలబడింది.

"గౌరవనీయులైన అధ్యక్షులవారికి" అని మొదలుపెట్టింది. నోటికి ఇంకో దారి తెలియదు. "సదరు సంతకం విషయమై..."

"మామూలుగా చెప్పమ్మా" అంది ప్రెసిడెంటు.

"ఆవిడ చదవలేదండీ." వదిన గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది. "వీధిదీపం కోసమా అని అడిగింది. నేను ఆ అన్నాను. నమ్మి పెట్టింది. చదివి పెట్టానని ఇప్పుడనేది నా కోసం."

 పిండి చేతుల ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాస్టారు తన కుర్చీని పక్కకు, కొంచెమే, జరుపుకున్నాడు. ఆ కుర్చీ కాలు నేలమీద కీచుమన్నది మాత్రం హాలంతటికీ వినబడింది.

"మోసం చేసి తెచ్చిన సంతకం ఒక్కటున్నా మొత్తం కాగితం చెల్లదు" అంది ప్రెసిడెంటు. "కొట్టేయవయ్యా."

కార్యదర్శి దరఖాస్తు మీద అడ్డంగా ఒక గీత గీశాడు. వదిన రాసిన దాని మీద ఎవరైనా గీత గీయడం అదే మొదలు.

మేస్త్రి కదల్లేదు. వీధివాళ్ళ వైపు తిరిగాడు. "నాకొక్కటి చెప్పండి. మేస్త్రీ, మధ్యాహ్నం కాస్త ఆపరా నాయనా అని మీలో ఎవరైనా నాతో ఒక్కసారైనా అన్నారా? అంటే ఆపేవాణ్ణి కదా. మధ్యాహ్నం నాకూ నిద్రొస్తుంది. వీధంతా మేలుకునే ఉంటుంది కదాని కొడుతున్నాను."

 అందరూ తలలెత్తి పైన తిరుగుతున్న ఫ్యానువైపు చూశారు.

బయట ఎండ మండిపోతోంది. వదిన గుమ్మం పక్కన ఎదురుచూసింది. మేస్త్రి భార్య వచ్చి ఆగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయేమో అనుకుంది వదిన. లేవు.

"ఏమ్మాయ్..."

"ఎదురిల్లు వదినా మాది" అంది ఆమె. గొంతు పెంచలేదు. "రోడ్డు దాటితే చాలు. పెట్టె పట్టుకొచ్చిన రోజున నీ ఎదుటే కూర్చున్నాను. అప్పుడు చెబితే నిన్ను నాలుగు తిట్టి, ఏడ్చి, ఊరుకునేదాన్ని. నాకు చెప్పాల్సింది ఊరికి చెప్పావు. ఇప్పుడు నువ్వు నిజం చెప్పిన మనిషివి. నేను ఏ కాగితం పెడితే దాని మీద గీకే పిచ్చిదాన్ని."

"నీ షెడ్డు పోతుందని..."

"షెడ్డు నిలబెట్టావు, సంతోషం. నీ పరువు నిలుపుదామని నేనాడిన అబద్ధాన్ని మాత్రం నిలవనియ్యలేదు. ఆ హాల్లో నాదంటూ ఉన్నది అదొక్కటే."

ఆమె నడిచి వెళ్ళిపోయింది. ఇద్దరి ఇళ్ళకూ దారి ఒకటే. వదిన ఆమెను దాటి వెళ్ళలేదు, కలిసి నడవలేదు. కాలవ గట్టు దగ్గర ఆగి చెప్పు సరిచేసుకుంది. మలుపు దగ్గర ఇంకోసారి సరిచేసుకుంది. ఆ చెప్పుకు ఏమీ కాలేదు.

ఇంట్లో అత్తగారు, "ఏమైందే, రంగు మారిందా?" అని అడిగింది. మారలేదని చెబితే, "పోన్లే, ఆ తలనొప్పి నాకెప్పుడో తగ్గిపోయింది" అంది.

సాయంత్రం మొగుడు గోదాము నుంచి వచ్చాడు. ఊరంతా తెలిసినట్టు ఆయనకూ తెలిసే ఉంటుంది.  చెప్పులు విప్పి, మెట్టు మీద కూర్చుని ఎదురింటివైపు చూశాడు. అంతే. వదిన పొయ్యి తగ్గించి, చెయ్యి తుడుచుకుని బయల్దేరింది. గేటు తీశాక గానీ తెలియలేదు, రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయని. ఏదో ఒక కాగితం లేకుండా ఆవిడ ఎవరింటికీ పని మీద వెళ్ళింది లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక వెనక్కి కట్టుకుంది.

షెడ్డులో మేస్త్రి ఒక పలక రేకు బల్ల మీద పరిచి కొడుతున్నాడు. భార్య గుమ్మంలో పెట్టె ముందు కూర్చుని ఆకులేస్తోంది. తలెత్తలేదు. కూర్చో అనలేదు, పో అనలేదు.

"తప్పు చేశాను" అంది వదిన.

"వినపడలేదు" అంది ఆమె.

వదిన వీధివైపు చూసింది. మాస్టారి కిటికీ తెరిచే ఉంది. అరుగుల మీద నలుగురు కూర్చునే ఉన్నారు, ఎటో చూస్తున్నట్టు. గొంతు పెంచింది. "తప్పు చేశాను అమ్మాయ్. నమ్మించి మోసం చేశాను."

సరిగ్గా అప్పుడే సుత్తి మోత రెట్టింపయింది. ధన్ ధన్ మంటూ చెవులు గింగిర్లెత్తేలా. వదిన అటు చూసింది. మేస్త్రి తలొంచుకుని శ్రద్ధగా కొడుతున్నాడు. రేకు ఎప్పుడో చదునైపోయింది. దానిమీద సొట్టగానీ వంపుగానీ కొట్టడానికి ఏమీ మిగల్లేదు. అయినా కొడుతున్నాడు, అక్క గొంతు షెడ్డు దాటి వీధిలోకి పోకుండా.

అది వదినకు అర్థమైంది. ఆ మోత ఆపమనే కదా తను కాగితం రాసింది. పెట్టె పక్కన, నేలమీద, రంగు డబ్బాల మధ్య చతికిలబడింది. ఇప్పుడు ఆమె చెవి ఒక జానెడు దూరంలో ఉంది.

"తప్పు చేశాను."

కుంచె ఆగలేదు. ఒక ఆకు పూర్తయింది. ఇంకో ఆకు మొదలైంది.

"వినపడలేదు వదినా" అంది మేస్త్రి భార్య.

వదిన మళ్ళీ చెప్పింది.